స్టీలు గిన్నెలో సైకిల్ నట్టు

ముందే చెబుతున్నాను, ఇది చదివాక దక్షిణ సముద్రం గురించి మీకు కొత్తగా పెద్ద సంగతులేమీ తెలియవు. నాకే తెలియవు. అంటార్కిటికా చుట్టూ ఉన్న చల్లటి నీళ్ల మీద, అందులో బతికే చిన్న ప్రాణుల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి రాయాల్సిన మాటేనా ఇది అని నవ్వుతారేమో. నవ్వండి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అప్పుడప్పుడు మాట్లాడమని పిలుస్తుంటారు. వేదిక మీద మంచుకొండల ఫొటోలు చూపించి, నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని వస్తాను. ఎప్పుడూ చెప్పకుండా మింగేసిన సంగతి ఒకటుంది. మీకు పనికొచ్చేది అదేనేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక్కడ సముద్రమెక్కడిది?

మాది అనంతపురం వైపు. వాన పడితేనే వీధిలోకొచ్చి చూసే ఊరు. నేను సముద్రాన్ని మొదటిసారి చూసేసరికి నాకు ఇరవై రెండేళ్లు. అలాంటిదాన్ని సముద్ర జీవశాస్త్రం చదివి, ఎక్కడా సముద్రం లేని హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. మా ల్యాబు మొదట కూకట్‌పల్లి దగ్గర ఒక పాత అద్దె భవనంలో ఉండేది. తర్వాత నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల మధ్యకి మారింది. పొద్దున షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్లు అడిగేవాళ్లు, "ఏ కంపెనీ మేడం?" అని. కంపెనీ కాదు, సముద్రం మీద పని అని చెబితే ఒకతను వెనక్కి తిరిగి మరీ చూశాడు. "గీడ సముద్రమేంది మేడం? దుర్గం చెరువా?"

అతని అనుమానం న్యాయమైనదే. ఈ ఉద్యోగమంటే ఓడ, పెంగ్విన్లు అనుకుని వస్తారు పిల్లలు. నా ముప్పై ఏళ్లలో నేను ఆ నీళ్ల మీద ఉన్నది ఒక్కసారి, రెండు నెలలు. అందులో మొదటి పది రోజులు వాంతులు. మిగతా జన్మంతా ఒక ఫ్రీజరు ముందే గడిచింది. ఓడ మీద వల వేసి పట్టినవాటిని అల్యూమినియం రేకు పొట్లాల్లో చుట్టి, గడ్డకట్టించి, ఇక్కడికి తెచ్చి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్కొక్కటే తీసి ఏళ్ల తరబడి పరీక్ష చేస్తాం. బయట మే నెల ఎండ మండిపోతుంటుంది, లోపల మా పొట్లాలు మాత్రం చలి తగ్గకుండా ఉండాలి. సగం ఉద్యోగం ఆ చలికి కాపలా కాయడమే. ఈ మాట నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

ఆ పొట్లాల్లో ఉండేది క్రిల్. చిటికెన వేలంత ఉంటుంది, చూడటానికి రొయ్య. దక్షిణ సముద్రంలో తిమింగలాల దగ్గర్నుంచి పెంగ్విన్ల దాకా అందరి తిండీ అదే. అది మాత్రం మంచు అడుగున పెరిగే నాచును గీక్కుని తింటుంది. నీళ్లు వేడెక్కి మంచు తగ్గితే దాని తిండి మారుతుంది, తిండి మారితే ఒంట్లో కొవ్వు మారుతుంది. ఆ కొవ్వును కొలిస్తే సముద్రం ఎలా ఉందో కొంత తెలుస్తుంది. ఇదీ మా పని. ఒకటే చిక్కు. చచ్చిన క్రిల్ కరిగిందంటే దాని పొట్టలోని రసాలే దాని కొవ్వును తినేస్తాయి. మళ్లీ గడ్డకట్టిస్తే పైకి ఏమీ తెలియదు, పొట్లం పొట్లంలాగే ఉంటుంది.

యాదయ్య

ఫ్రీజరు ఎప్పుడైనా కరిగిందా లేదా తెలుసుకోవడానికి దాని పక్కన ఒక యంత్రం ఉండేది. కాగితం మీద గీత గీస్తూ పోవాలి. దాని పెన్ను ఎండిపోయి ఏళ్లయింది, మరమ్మతు కాగితాలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో ఎవరికీ తెలియదు. అందుకని నేనొక ఉపాయం పెట్టాను. చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక సైకిల్ నట్టు పెట్టి, ఫ్రీజరు పై అరలో ఉంచాను. కరెంటు పోయి లోపల కరిగితే నట్టు నీళ్లలో మునుగుతుంది. మళ్లీ గడ్డకట్టినా అడుగునే ఉండిపోతుంది. యంత్రం అబద్ధమాడొచ్చు కానీ నట్టు ఆడదని గొప్పగా చెప్పేదాన్ని.

ప్రతి సోమవారం ఆ నట్టును చూసి, రిజిస్టర్‌లో "నట్టు మీదే ఉందా?" అన్న గడిలో "అవును" అనో "కాదు" అనో రాసే పని యాదయ్యది. యాదయ్య మా అటెండరు. పాత భవనంలో ఉన్నప్పటినుంచీ నాతోనే ఉన్నాడు. సొంత ఊరు నానక్‌రామ్‌గూడే. ఇప్పుడు మా భవనానికి ఎదురుగా ఉన్న మేడ కింద వాళ్ల తాత జొన్న చేను ఉండేదట. ఈ సంగతి బాధగా చెప్పేవాడు కాదు, దారి అడిగినవాళ్లకు గుర్తు చెప్పినట్టు చెప్పేవాడు. "మా జొన్న చేను దాటినంక ఎడమకు తిరగాలె మేడం" అనేవాడు. కొత్తవాళ్లు బిక్కమొహం వేస్తే నవ్వేవాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడని నాకు మహా గర్వం.

సమ్మె రోజులు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదు, బొగ్గు గనులు ఆగి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మా ల్యాబులో భోజనాల దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. నేను సీమ మనిషిని, మా డైరెక్టరుగారిది కోస్తా, యాదయ్యది ఇదే నేల. నేనెటువైపో నాకే స్పష్టంగా తెలిసేది కాదు. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే ఇల్లు, పుట్టింది మాత్రం అక్కడ. యాదయ్య పొద్దున ల్యాబు తుడిచి, సాయంత్రం జేబులోంచి గులాబీ కండువా తీసి వేసుకుని దీక్ష శిబిరానికి పోయేవాడు. ఒకసారి నేను చూస్తుంటే సిగ్గుపడి, "మీ మీద కాదు మేడం" అన్నాడు. అదేమిటో గాని ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రీజర్‌లో స్వప్న పొట్లాలు ఉన్నాయి. స్వప్న నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, సూర్యాపేట వైపు మనిషి. ఓడెక్కి వెళ్లి, వేళ్లు కొంకర్లు పోయే చలిలో తన చేతులతో వల లాగి తెచ్చుకున్న క్రిల్ అది. దాని మీదే ఆమె థీసిస్ మొత్తం.

బందు మూడు రోజులు సాగింది. మొదటి రోజే కరెంటు పోయింది. జనరేటరు ఒక పూట నడిచి డీజిల్ అయిపోయి ఆగింది. నేను కూకట్‌పల్లిలో, స్వప్న హాస్టల్లో చిక్కుకుపోయాం. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే డైరెక్టరుగారు, "ఏం ఫర్వాలేదండీ, సెక్యూరిటీ వాళ్లు చూసుకుంటారు" అన్నారు. సెక్యూరిటీ వాళ్లు గేటు చూసుకున్నారు. ఫ్రీజరు అలారం మోగి మోగి బ్యాటరీ అయిపోయి ఊరుకుంది.

ఐదో రోజు పొద్దున స్వప్నా నేనూ పరుగెత్తుకుంటూ వెళ్లి ఫ్రీజరు తలుపు తీశాం. ఫ్రీజరు మీద అంకె మైనస్ డెబ్బై ఎనిమిది చూపిస్తోంది. పై అరలో గిన్నె ఉంది, మంచు మీద నట్టు దర్జాగా కూర్చుని ఉంది. కరెంటు అంతకుముందు రోజే వచ్చిందని తెలుసు. అయినా లోపల కరగలేదన్నమాట! స్వప్న నన్ను పట్టుకుని ఏడ్చేసింది. యాదయ్యను పిలిచి, "నీ నట్టు మనల్ని కాపాడింది యాదయ్యా" అన్నాను. అతను కూడా సంతోషంగా తల ఊపాడు.

మంచి ఫలితం

ఆ తర్వాత ఏడాదికి స్వప్న లెక్కలు తేలాయి. అంతకు చాలా ఏళ్ల ముందు నేను అదే చోటునుంచి తెచ్చి, పాత భవనంలో దాచి, పరీక్ష చేసిన క్రిల్‌తో పోలిస్తే, స్వప్న తెచ్చిన క్రిల్‌లో నాచు తిండివల్ల చేరే మంచి కొవ్వు బాగా తగ్గిపోయింది. మంచు తగ్గి, నాచు తగ్గి, తిండి మారితే ఎలా ఉంటుందనుకున్నామో అచ్చం అలాగే ఉంది. డైరెక్టరుగారు స్వీట్లు తెప్పించారు. నేను మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. సముద్రం పాడవుతోందన్న వార్తకు ఇంత సంబరమేమిటని ఒక్క క్షణం కూడా అనిపించలేదు నాకు. ఈ వృత్తిలో ఇదొక జబ్బు, మీకూ తగులుతుంది, జాగ్రత్త.

థీసిస్ ఇవ్వడానికి నెల ఉందనగా ఏదో కాలేజీ పిల్లలు ల్యాబు చూడటానికి వచ్చారు. యాదయ్య ఫ్రీజరు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను గిన్నె బయటికి తీసి, నట్టు కథ మొదలుపెట్టాను. కరిగితే మునుగుతుంది, మునిగిందంటే లోపలున్నవి పాడైనట్టే, పారేయాల్సిందే అని చెబుతున్నాను. పిల్లలు భలే ఉందన్నారు. వాళ్లు వెళ్లిపోయాక యాదయ్య తలుపు వేయకుండా అలాగే నిలబడ్డాడు.

"మేడం, జర ఒక మాట. నట్టు కిందికి పోయిందంటే లోపల మాల్ ఖరాబైనట్టా?"

"అంతే కదా యాదయ్యా. ఇన్నేళ్లనుంచి చూస్తున్నావు కదా."

"నాకు గా సంగతి ఎవ్వరు చెప్పలే."

నేనింకా నవ్వుతూనే ఉన్నాను. అతను నవ్వడం లేదు.

"బందు నాడు, మూడో దినం, రోడ్డు మీద వంటా వార్పు ఉండె. నేను గాడనే ఉన్న. గని సోమారం గదా, నట్టు చూసి పోదామని మెట్లెక్కి వచ్చిన. గిన్నెల నీళ్లే ఉండె మేడం. నట్టు అడుగుకు పోయింది. చేతితోని తీసి పక్కకు పెట్టిన. తెల్లారి కరెంటొచ్చి గడ్డ కట్టినంక మల్ల మీద పెట్టిన."

గిన్నె తిరిగి పై అరలో పెట్టాను. ఆఖరికి అడిగింది కూడా చూడండి ఎంత తెలివితక్కువ ప్రశ్నో. "మరి కింద నీళ్లు కారి ఉండాలి కదా?"

"కారినయ్. తుడిచిన. నా పనే గద మేడం."

"ఎందుకు చేశావు నాయనా? నాకు చెప్పొచ్చు కదా!"

"నట్టు మీదనే ఉండాలె అన్నరు గద. కింద ఉంటె మీరు కోపం చేస్తరు."

నేనెప్పుడు కోపం చేశానని అరిచాను. అరుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. పక్క గదిలోంచి స్వప్న వచ్చి నిలబడింది. అంతా వింది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమే యాదయ్యను నెమ్మదిగా అడిగింది, "అన్నా, పాత బిల్డింగుల గుడ గిట్లనే చేసినవా?"

యాదయ్య పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. "ఒకటి రెండు సార్లు చేసినట్టే యాదికున్నది చెల్లె. ఎప్పుడో యాదికి లేదు."

ఇక్కడ మీరు కాసేపు ఆగి ఆలోచించండి. స్వప్న క్రిల్ కరిగింది, అది ఖాయం. కాబట్టి కొవ్వు తగ్గింది కరగడం వల్ల కావచ్చు. కానీ నా పాత క్రిల్ కూడా కరిగి ఉంటే? అప్పుడు రెండూ ఒకే దెబ్బ తిన్నట్టు. అయినా తేడా కనిపించిందంటే ఆ తేడా నిజంగా సముద్రానిదే కావచ్చు. లేదా ఒకటి ఎక్కువ కరిగి, ఇంకోటి తక్కువ కరిగి ఉండొచ్చు. వేడెక్కింది దక్షిణ సముద్రమా, నానక్‌రామ్‌గూడలో మా ఫ్రీజరా? ఆ రోజు కాగితం పెన్సిల్ తీసుకుని సాయంత్రం దాకా గీశాను. ఇప్పటికీ ఎప్పుడైనా గీస్తుంటాను. ఎటు తిప్పినా మొదటికే వస్తుంది.

పదకొండు రోజులు

డైరెక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన చెడ్డవాడని నేననను. తన ల్యాబు పరువు గురించి భయపడిన మనిషి, అంతే. అంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"చూడండి మేడం గారూ, మనం ఇలా రాద్దాం. ఆ అటెండరు సమ్మెలో ఉన్నాడు కదండీ? కావాలనే చేశాడని రాస్తే మన మీదకి రాదు. అమ్మాయికి గడువు కూడా పెంచుతారు. ఏమంటారు?"

నేనేమీ అనలేదు. నా తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే. ఔననలేదు, కాదనలేదు. స్వప్నకు గడువు దొరుకుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఇన్నేళ్లుగా తెచ్చుకున్న పేరు పోతుందని భయం. మర్నాటినుంచి యాదయ్యను లోపలికి రానివ్వలేదు, గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. విచారణ అయ్యాక ఉద్యోగమే పోతుందన్నారు. నేను రోజూ ఆ గేటులోంచే వెళ్లేదాన్ని. అతను రోజూ లేచి నమస్కారం పెట్టేవాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించేదాన్ని.

స్వప్న నాతో మాట్లాడటం తగ్గించింది. పదో రోజు వచ్చి, "మేడం, నా థీసిస్ పోతే పోనీ. మల్ల చేసుకుంటా. గాయనను కావాలని చేసిండంటున్నరు, మీరు గుడ అట్లనే అనుకుంటున్నరా?" అంది. లేదన్నాను. "మరి ఎవ్వరికి చెప్పరేంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

నేనెప్పుడూ యాదయ్యను కోప్పడలేదని అప్పటికీ నా నమ్మకం. అది రుజువు చేసుకుందామనే బీరువా అడుగున పాత రిజిస్టర్లు తీశాను. పేజీల నిండా యాదయ్య గుండ్రటి అక్షరాలు. అవును, అవును, అవును. తిరగేస్తూ పోతే మొదటి రిజిస్టర్‌లో, అతను పనిలో చేరిన కొత్తలో, ఒక్కచోట "కాదు" అని ఉంది. దాని పక్కన ఎర్ర సిరాతో నా చేతిరాత: "ఇది నీ అజాగ్రత్త. ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోను." కింద నా సంతకం, పొడుగ్గా, గీత కొట్టి మరీ.

ఆ తర్వాత ఏ పేజీలోనూ "కాదు" లేదు.

అలా ఎందుకు రాశానో నాకు గుర్తు లేదు. ఆ రోజు నన్నెవరో తిట్టి ఉంటారు, నేను తెచ్చి అతని మీద పోసి ఉంటాను. రాసిన నేను మర్చిపోయాను. చదివిన మనిషి ఉద్యోగమంతా గుర్తుపెట్టుకున్నాడు. బీరువా ముందు నేల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు, అంటే పదకొండో రోజు, ఆ రిజిస్టరు తీసుకెళ్లి డైరెక్టరుగారి బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టాను. విచారణ కమిటీ ముందు కూడా అదే పెట్టాను. బందులో మనమందరం ఇళ్లలో కూర్చుంటే, ఫ్రీజరు చూడటానికి మెట్లెక్కి వచ్చినవాడు ఇతనొక్కడే అని చెప్పాను. నిజం చెప్పినవాణ్ని తిట్టింది నేను, నట్టు ఎందుకో చెప్పనిదీ నేనే అని రాసి సంతకం పెట్టాను. "మీరు అనవసరంగా మీ మీద వేసుకుంటున్నారండీ" అని డైరెక్టరుగారు చాలా నొచ్చుకున్నారు. నాకు ఓ మందలింపు ఉత్తరం వచ్చింది. యాదయ్య మళ్లీ లోపలికొచ్చాడు.

స్వప్న ఆ అధ్యాయం మొత్తం చింపేసింది. ఫ్రీజరు అక్కర్లేకుండా ఫార్మలిన్ సీసాల్లో నిలవ ఉన్న క్రిల్ తీసుకుని, ఒక్కొక్కదాని పొట్ట కోసి, ఏం తిన్నదో మైక్రోస్కోపు కింద చూసుకుంటూ ఇంకో రెండేళ్లు కూర్చుంది. ఈలోగా రాష్ట్రం వచ్చింది, రోడ్ల మీద రంగులు చల్లుకున్నారు, యాదయ్య నాకూ ఇంత బొట్టు పెట్టాడు. స్వప్న థీసిస్ కూడా ఒప్పుకున్నారు. అందులో ఫలితమేమిటంటారా? కొన్ని పొట్టల్లో నాచు తక్కువగా ఉంది, కొన్నిట్లో లేదు. ఖచ్చితంగా చెప్పలేం అని ఆమె చివరి పేజీలో రాసింది. నా దగ్గర థీసిస్ చేసినవాళ్లు రాసిన పేజీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

చివరి సోమవారం

నేను రిటైరయ్యే వారం సోమవారం వచ్చింది. ఇంటికెళ్లాక కూడా వచ్చి చేసుకుంటానని, నా ఓడ ప్రయాణం నాటి క్రిల్‌లో, బందు రోజుల్లో వేరే ఊరి ల్యాబులో ఉండి తర్వాత తిరిగొచ్చిన ఆఖరి ఇరవై పొట్లాలు ఫ్రీజర్‌లో దాచుకున్నాను. పాత ప్రశ్న తేల్చడానికి ఏదైనా దారి దొరుకుతుందేమోనని ఒక ఆశ. గదిలో పుస్తకాలు సర్దుకుంటుంటే యాదయ్య వచ్చాడు. చేతిలో రిజిస్టరు, దాని మీద స్టీలు గిన్నె.

శని, ఆదివారాలు భవనంలో ఏవో వైర్లు మార్చారట. మా అంతస్తుకు కరెంటు లేదని ఎవరూ గమనించలేదు. గిన్నెలో మంచు మళ్లీ గట్టిపడి ఉంది. నట్టు దాని అడుగున ఉంది.

రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. ఆ రోజు తేదీ పక్కన గుండ్రటి అక్షరాలతో "కాదు" అని ఉంది. సిరా ఇంకా ఆరలేదు. అతను గిన్నె వైపు గానీ, పుస్తకం వైపు గానీ చూడటం లేదు. నా ముఖం వైపే చూస్తున్నాడు.

కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఎవరి మీదో తెలియలేదు.

"పెన్నుందా యాదయ్యా?" అని అడిగాను.

తన జేబులోది తీసి ఇచ్చాడు. ఆ "కాదు" పక్కన "చూశాను" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత ఇద్దరం కలిసి ఫ్రీజరు దగ్గరికెళ్లి, నా ఇరవై పొట్లాలూ పారేయడానికి ఒక్కొక్కటే బయటికి తీశాం.

"ఇంతకీ మేడం, గా సముద్రం నిజంగనే వేడైందా?" అని అడిగాడు యాదయ్య, చివరి పొట్లం అందిస్తూ.

తెలియదన్నాను. అతను తల ఊపి, కింద కారిన నీళ్లు తుడవడానికి గుడ్డ తెచ్చుకున్నాడు. ఇంకో గుడ్డ ఉందేమో చూడమని అడిగాను.